మా అల్లుడు మోయనిచ్చిన బరువు

మా అల్లుడు మొన్న సోమారం పొద్దుగాల వనపర్తి దవాఖానల కన్నుమూసిండు. ఆయనను ఎరగనోళ్ల కోసం నాలుగు ముక్కలు రాస్తున్న. నేను చదివింది ఏడో తరగతి దాకనే, తప్పులుంటే మన్నించుండ్రి.

కండరాలు కరిగిపోయే జబ్బు ఆయనది. పెండ్లయిన కొన్నేండ్లకు బయటపడ్డది. గట్టు ఊర్ల తన బట్టల దుకాణం మెట్లు ఎక్కలేక, మా బిడ్డతోని గోపాల్‌పేటల మా ఇంటికే వచ్చిండు. కొడుకులు లేని నాకు గదే పెద్ద పండుగ. దేవుడు కొడుకును పంపిండని ఊరంత చెప్పుకున్న. ఎంత మంచి మనిషి! ఎంత నవ్వు మొకం!

మా దిక్కు అల్లుడంటే మర్యాద జాస్తి. రోజూ పప్పుల నెయ్యి, ఆదివారం నాటుకోడి. వద్దనలేక తినేటోడు. నడక తగ్గింది, పొట్ట పెరిగింది. "అత్తగారి నెయ్యి బాగనే పట్టింది" అని చుట్టాలు పరాచికమాడితే, "నెయ్యి గాదు, కండ ఖాళీ చేసిన ఇంట్ల కొవ్వు కిరాయికి దిగింది" అని నవ్వేటోడు. డాక్టరమ్మ గూడ గదే చెప్పింది. తూకంల బరువు మారకున్నా లోపల కండ తగ్గుతుంటదట. ఒళ్లు పెరిగితే లేసుడు, ఊపిరి తీసుడు రెండూ కష్టమేనట. ఆ దినమే మా ఇంటామె నెయ్యి గిన్నె పక్కకు వెట్టింది.

లేవలేని రోజు రానే వచ్చింది. మంచం మీదికెల్లి కుర్చీలకు బిడ్డ ఒక్కతే మార్చేది. "నేను ఎత్తుత, మీరు ఊకుండ్రి అల్లుడా" అంటే మొకం తిప్పుకునేటోడు.

"పెండ్లిల నా కాళ్లు గడిగిండ్రు, చాలదా మామా? మోసుడు గూడనా?"

మామ చేతుల మీదికి ఎక్కుడంటే ఆయనకు చచ్చేంత సిగ్గు. నేను తలుపు అవతల నిలవడి బిడ్డ ఆయాసం వినేటోన్ని.

పోయినేడు దవడలు అలసిపోవట్టినయి. అన్నం మెత్తగ పిసికి పెట్టినా సగం గిన్నెల్నే మిగిలేది. "సన్నగైండు, మంచిదే" అన్నరు చూసినోళ్లు. మంచిది గాదు. భుజాల బొక్కలు పొడుసుకొచ్చి అంగీల నుంచి కనబడ్తుండె.

ఓ సాయంత్రం వాన మొదలైంది. బిడ్డ బజారుకు పోయింది. "మామా, వాకిట్లకు తీస్కపోతరా? జర వాన మీద పడాలె" అన్నడు. కుర్చీ తేవడానికి మర్లిన.

"కుర్చీ ఎందుకు? మీరున్నరు గదా."

నన్ను అడిగిండు! సంతోషం పట్టలేకపోయిన. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద పెట్టి, ఉన్న బలమంత కూడదీసుకొని లేపిన. గంత బలం అక్కరే రాలేదు. నా గుండె పలిగింది.

"బరువున్ననా మామా?"

"మస్తున్నవ్ బిడ్డా" అన్న.

తల నా మెడకు ఆనించి, మొకం మొగులు దిక్కు వెట్టిండు. చినుకు పడ్డప్పుడల్లా కండ్లు మూసుకొని, మల్ల తెరుస్తుండె. అంగీ తడిసి ఒంటికి అంటుకుంది. చలి పుడ్తది, లోపలికి పోదామా అన్న.

"ఇంకా జరసేపు మామా."