సంతకం పెట్టేముందు ఒకసారి పట్నం

ఇంటి సంగతులు బయట చెప్పడం నాకు అలవాటు లేదు. మా చెల్లెలు సుగుణను అడిగి, ఆమె రాయమన్నాకే ఇది రాస్తున్నాను. తొంభైల మొదట్లో నేను ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో కాంటా దగ్గర బరువులు రాసేవాడిని. సుగుణ మా పక్కింట్లోనే ఉంటూ బీడీలు చుట్టేది. బావ దుబాయ్‌లో పని చేసేవాడు. ఆమెకు ఇరవై నాలుగేళ్లు, పిల్లల్లేరు, నెలసరి నాలుగైదు నెలలకోసారి వచ్చేది. ఒక ప్రైవేటు డాక్టరు స్కానింగ్ చూసి, అండాశయాల్లో గడ్డలున్నాయి, గర్భసంచితో సహా తీసేయాలి అన్నాడు. వచ్చే సోమవారమే ఆపరేషన్. బావ ఊళ్లో లేడు కాబట్టి సంతకం నేను పెట్టాలి. ఆ కాగితం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. మూడో రోజు, పట్నంలో ఒకసారి చూపిద్దామన్నాను.

"నా తోటోళ్లు ముగ్గురికి తీసిండ్రన్నా. వాళ్లు బతుకుతలేరా?" అంది సుగుణ.

"బతుకుతుండ్రు. అయినా పోదాం."

ఉదయం ఐదున్నరకు హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. టికెట్ మనిషికి ముప్పై ఐదు రూపాయల లోపే. పసుపు వచ్చే కాలం, ఒక్కరోజు సెలవుకే సేటును బతిమాలాల్సి వచ్చింది. కామారెడ్డిలో బస్సు పావుగంట ఆగింది. నేను చాయ్ తాగాను, సుగుణ దిగలేదు. మూతి దాకా కొంగు కప్పుకుని కూర్చుంది.

"దుమ్మస్తున్నదా అక్కా? కిటికి మూస్త" అన్నాడు కండక్టర్.

"వద్దు తమ్మీ" అంది. దుమ్ముకే కప్పుకుందని నేనూ అనుకున్నాను.

పదిన్నరకు సికింద్రాబాద్‌లో దిగి, ఆటోలో ప్రభుత్వ ఆడవాళ్ల దవాఖానకు వెళ్లాం. చిట్టీలు పన్నెండింటి వరకే ఇస్తారు. స్కానింగ్‌కు కడుపు నిండా నీళ్లు తాగి ఉండాలన్నారు. దారిలో ఆడవాళ్లు మూత్రానికి వెళ్లే చోటు ఉండదని సుగుణ పొద్దుటి నుంచి చుక్క ముట్టలేదు. గేటు బయట ఇడ్లీలమ్మే ఆమె చెంబు అందిస్తూ నన్ను కోప్పడింది.

"ఏమయ్యా, పెండ్లాన్ని గిట్ల ఎండవెడ్తవా?"

"చెల్లెలమ్మా."

"చెల్లెలైతే దూప గాదా?"

సుగుణ నవ్వింది, ఆ రోజు మొదటిసారి. గంటసేపు నీళ్లు తాగి, రెండు ఇడ్లీలు తిని లోపలికి వెళ్లింది.

స్కానింగ్ అయ్యాక పెద్ద డాక్టరమ్మ నన్నూ పిలిచింది. "గడ్డం మీద వెంట్రుకలు ఎప్పటిసంది?" అని సుగుణను అడిగింది. సుగుణ కొంగు దించింది. "మూడేండ్లాయె మేడం. దారంతోని తీసుకుంట." దుమ్ము కాదని నాకప్పుడు తెలిసింది. పక్కింట్లో ఉండి కూడా చూడలేదు.

జేబులోని కాగితం తీసి బల్ల మీద పెట్టాను. "గడ్డలు ఎప్పుడు తియ్యాలె మేడం?"

"గడ్డలెక్కడియయ్యా? ఇవి విడుదల గాక మధ్యల ఆగిన గుడ్లు. నీటి బుడగల లెక్క కనవడ్తయ్. గర్భసంచి మంచిగున్నది, దాన్నెందుకు తీస్తరు? సంతకం పెట్టినవా?"

"ఇంకా లేదు."

"మంచిగైంది. పీసీఓడీ అంటరు దీన్ని. పూర్తిగ పోయేది కాదు, అదుపుల పెట్టుకునేది."

పది రోజులకు మాత్రలు రాసి, అవి ఆపాక నెలసరి రావాలని చెప్పింది. రోజూ గంట నడవమంది, బీడీల చాట ముందు నుంచి గంటకోసారి లేవమంది, అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచమంది.

"పిల్లలైతరా?" సుగుణే అడిగింది.

"మీ ఆయన వచ్చినంక ఇద్దరు రండ్రి. దానికి వేరే మందులున్నయ్. మాటియ్యలేను గని, దారి మూసుకపోలే."

సాయంత్రం బస్సులో సుగుణ కొంగు దించుకునే కూర్చుంది.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. తీసేయాలని ఎవరైనా అంటే, సంతకానికి ముందు మరో డాక్టరుకు చూపించండి. ఒక రోజు కూలీ పోతుంది, అంతే. ఆ డాక్టరమ్మ పేరు అడగడం మరిచిపోయాను గానీ ఆమెను తలుచుకోని నెల లేదు. పట్నం నుంచి వచ్చి రెండు వారాలు దాటాక ఒక పొద్దున సుగుణ మా గుమ్మం అవతల వచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నాను.

"రాను అన్నా. బయటున్న" అంది నవ్వుతూ.

నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి. నేను పీట తెచ్చి అరుగు మీద వేశాను. ఇద్దరం అక్కడే చాయ్ తాగాం.