గోడ చూసి రమ్మనే మేనత్త

ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా నా కళ్లు ముందుగా గోడ మీదికే పోతాయి. ఈ రోగం మా మేనత్త అంటించింది.

వయసులో ఉన్నప్పుడు తనతో బొంబాయి వైపు మట్టిపనికి వచ్చిన వాళ్లందరినీ మనవరాలి పెళ్లికి పిలవాలని ఆమె పట్టు. ఎవరి ఫోన్ నంబరూ లేదు, ఊళ్ల పేర్లే గుర్తు. నన్ను వెంటబెట్టుకుని ఊరూరా వెతికింది. తీరా ఇల్లు దొరికాక లోపలికి అడుగుపెట్టేది కాదు. వాకిట్లోనే ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "జర గోడ సూసి రా అల్లుడా" అనేది. దండ వేసిన ఫోటో ఉందేమోనని ఆమె భయం. నేను మంచినీళ్లు అడిగే వంకతో లోపలికి పోయేవాణ్ని. పెద్దమందడిలో దండ ఫోటో చూసి బయటికొచ్చిన నా మొహం చూడగానే బస్టాండు వైపు తిరిగింది.

ఉప్పునుంతలలో వెతికింది, ఆమెతో ఒకే గుడిసెలో బతికిన స్నేహితురాలి కోసం. బస్సులో దారి పొడుగునా కొంగు ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది. ఆ ఇంటి గోడకు దేవుడి క్యాలెండరు తప్ప ఏమీ లేదు.

"దండ ఫోటో లేదత్తా" అన్నాను.

చెప్పులు విడిచి, "ఏమే, యాడున్నవే?" అని నవ్వుతూ కేకేస్తూ వంటింటి దాకా పోయింది. పొయ్యి దగ్గరున్న ఆ ఇంటి కోడలు లేచి నిలబడింది.

"మా అత్త పోయి మస్తేండ్లాయె అవ్వా. పనులెంబడి తిరుగుడే గాని, ఆమె ఫోటో ఎన్నడు దిగింది?"

తిరుగు ప్రయాణంలో, బస్టాండు బల్ల మీద మేనత్త జుట్టు సవరించుకుని నా ఫోన్ వైపు చూసింది.

"నాదొక ఫోటో తియ్యి అల్లుడా. నన్ను ఎతుక్కుంట వచ్చేటోళ్లు గిట్ల నవ్వుకుంట లోపలి దాక రావొద్దు."