గిద్దాం అంటే ముందువైపు

ఆ రోజుల్లో నాకు జ్ఞానం కంటే గొంతు పెద్దది. మా ఊరి సంస్కరణ సంఘంలో శకునాల మీద, ముహూర్తాల మీద నేను చేసిన దాడులకు అవి ఏమాత్రం చలించలేదు గానీ, మా నాన్న మాత్రం చలించి, ఎవరెవరినో బతిమాలి నన్ను బహ్రెయిన్ పంపించేశారు. అలా తొంభైల మొదట్లో, ఇరవై మూడేళ్ల వయసులో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక ఇనుప షెడ్డులో హెల్పర్‌గా తేలాను. అక్కడ పని తెలిసిన ఫిట్టర్ జగిత్యాల నుంచి వచ్చిన అన్న. (ఆయనకు బహ్రెయిన్ కూడా దుబాయే. మనామా బజారు నడిబొడ్డున నిలబడి "దుబాయిల నాకిది ఏడో ఏడు" అనేవాడు.) షెడ్డు యజమాని మా కఫీల్ మాతో వచ్చీరాని హిందీలో మాట్లాడేవాడు. అన్న దగ్గర సరదాగా తెలుగు ముక్కలు నేర్చుకుని, మేం సుత్తి పట్టుకోగానే "గుద్దు, గుద్దు" అని హుషారు చేసేవాడు.

చలికాలం వస్తే అక్కడి కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాలకు వారాలు గడుపుతాయి. ఆ ఏడు కఫీల్ తన తల్లి కోసం ఒక కారవాన్ కొన్నాడు. అంటే పికప్పు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. జనరేటరూ నీళ్ల డబ్బాలూ పెట్టుకోవడానికి దాని వెనక ఇనుప ర్యాక్ ఒకటి బిగించాలి. కఫీల్ నన్ను పిలిచి, "నువ్వొక్కడివే చెయ్యి. బాగుంటే ఫిట్టర్. లేకపోతే ఖలాస్, మళ్లీ షెడ్డు ఊడ్చుకో" అన్నాడు. పది నెలలుగా ఊడుస్తున్నాను. ఇనుపరజను నా అన్నంలో కూడా తగిలేది.

శుక్రవారం సెలవు గనక శనివారం పొద్దున్నే డ్రిల్లు పట్టుకున్నాను. అన్న అడ్డం వచ్చాడు.

"తమ్మీ, శనివారం కొత్త ఇనుము ముట్టకు. ఇంకోటి, గంత బరువు ఎనుక కడితే బండి ముందల లేస్తది. సూస్కో."

"ప్రతి శనివారం ఈ షెడ్డులో నువ్వు ముట్టేది వెన్నముద్దా అన్నా?"

"అది పాత ఇనుము రా."

"ఇనుముకు వయసు తెలుసా? వారం తెలుసా? నీకెవరు చెప్పారు?"

"మా అవ్వ చెప్పింది."

"ఆవిడకెవరు చెప్పారు?"

"పోయి అడుగుపో. సచ్చి పదేండ్లాయె."

గెలిచాను. టీ వేళ దాకా గెలుస్తూనే ఉన్నాను. చిక్కేమిటంటే, ఆయన ఒకే ఊపిరిలో రెండు మాటలు చెప్పాడు, నేను ఒకే ఊపిరిలో రెండింటినీ కొట్టిపారేశాను.

పనిలో మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేరు. కారవాన్ బంపర్ ఉత్త పల్చటి రేకు, దాన్ని నమ్మి ర్యాక్ వేలాడదీస్తే మొదటి గుంతలోనే ఊడిపోతుంది. అందుకని నేల మీద వెల్లకిలా పడుకుని, అడుగునున్న రెండు ఛాసిస్ దూలాలకూ మందపాటి పలకలు పెట్టి, బోల్టులు తొడిగి, అదురుకు వదులవకుండా ఒక్కోదానికి రెండేసి నట్లు బిగించాను. "ఇది నమ్మకం మీద నిలబడ్డ ర్యాక్ కాదన్నా" అన్నాను లేచి దులుపుకుంటూ. "మరి దేని మీద నిలబడ్డది?" "బోల్టుల మీద!" (ఈ మాటకు చప్పట్లు కొట్టే సంఘం అక్కడ లేనందుకు నిజంగా బాధపడ్డాను.)

మూడో రోజు కఫీల్ తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. జనరేటరూ, ఆరు నీళ్ల డబ్బాలూ, బొగ్గు బస్తా అప్పటికే ర్యాక్ మీదకు ఎక్కించాను. పెద్దావిడ లోపలికెళ్లి వెనక సీట్లో కూర్చుని కిటికీ తెరలు చూసుకుంటోంది. "ఎవరి ఆసరా లేకుండా ఎలా నిలబడుతుందో చూడండి" అంటూ నేను పికప్పు కొక్కెం ఊడదీసి, నా ర్యాక్‌ను కళ్లారా చూసుకోవడానికి వెనక్కి వెళ్లాను. కారవాన్ ముందరి చిన్న చక్రం నేల వదిలి రెండు వేళ్ల ఎత్తు లేవడం నేను చూడలేదు. కఫీల్ చూశాడు.

"గిద్దాం! గిద్దాం! యల్లా!" అని కేక పెట్టాడు.

నా చెవికది "గుద్దాం" అని వినబడింది. గుద్ది చూద్దాం అంటున్నాడు! ఉత్త మాటతో తృప్తిపడక పరీక్ష కోరుతున్నాడు! గల్ఫులో నాకు దొరికిన మొదటి హేతువాది నా కఫీలే అని ఒళ్లు పులకరించి, రెండు కాళ్లతో ఎగిరి ర్యాక్ మీద దూకాను.

దబ్బున కారవాన్ తోక నేల మీద కూలబడింది, మూతి ఆకాశానికి లేచింది. ముందరున్న దిండ్లూ, దుప్పట్లూ, ఖర్జూరాల డబ్బా వరసగా జారుకుంటూ వచ్చి పెద్దావిడ ఒడిలో చేరాయి. అన్న పరుగున వెళ్లి ముందరి కొక్కెం పట్టుకుని గబ్బిలంలా వేలాడాడు.

"దిగురా నాయనా, దిగు!"

"ఆయనే గుద్దాం అన్నాడుగా!"

"గుద్దాం కాదురో, గిద్దాం! అరబ్బీల గిద్దాం అంటే ముందల! ముందల పట్టుకోమన్నడు!"

దిగాను. బండి కూడా దిగింది. నా ఫిట్టర్ ఉద్యోగం దిగిందో లేదో తెలియక చీపురు ఉన్న మూల వైపు చూశాను. కఫీల్ కారవాన్ కిందికి దూరాడు. బోల్టులన్నీ తడిమి బయటికొచ్చి, "నట్లు ఒక్కటీ కదల్లేదు. కానీ నీ దిమాగ్ వెనక బిగించారు" అన్నాడు. పెద్దావిడ చేతిలో ఖర్జూరంతో గుమ్మంలోకి వచ్చి ఏదో అని, పళ్లు లేని నోటితో నవ్వింది. అన్న తర్జుమా చేశాడు: "పోరడు ఎగిరి దూకినా ఊడలేదంటే గట్టిగనే కట్టిండు. ఉండనీయ్. బరువు ఏడ పెట్టాల్నో మాత్రం ఈ పెద్దమనిషిని అడగమను, అంటుంది."

అలా ఫిట్టర్‌నయ్యాను, అన్నను అడిగి మరీ బరువు ఎక్కించే ఫిట్టర్‌ని. జనరేటర్ పికప్పులోకి పోయింది, నీళ్ల డబ్బాలు లోపల చక్రాలకు కాస్త ముందుకు పోయాయి, ర్యాక్ మీద చాపలూ గుడారం గుడ్డలూ మిగిలాయి. "బరువు సంగతి నీకెవరు చెప్పారన్నా?" అని ఈసారి గొంతు తగ్గించి అడిగాను. "ఒకలు చెప్పుడేంది? బండి ఎనుక బస్తాలెక్కువైతే కాడి లేసి ఎడ్లకు ఉరివడ్తది. నా కండ్ల జూసిన." ఆయన దగ్గర రుజువు ఉంది. అడగాల్సినవాణ్ని నేను, అడగలేదు.

శనివారం మీద నా అభిప్రాయం ఈనాటికీ మారలేదు, దాని మీద ఎన్ని వ్యాసాలైనా రాస్తాను. కానీ రోడ్డు మీద వెనక సామాను వేలాడేసుకుని ఏ బండి పోతున్నా మాట మధ్యలో ఆపేసి అటే చూస్తుంటాను. "ఎవరండీ, తెలిసినవాళ్లా?" అంటుంది మా ఆవిడ. తెలిసినవాడే, ఇరవై మూడేళ్ల కుర్రాడు. ఆ సామాను మీద రెండు కాళ్లతో నిలబడి, చప్పట్ల కోసం చూస్తూ, ఎంత పిలిచినా దిగనంటున్నాడు.