ఒక్కదాన్నే ఎత్తను

నరసాపురం దయారాణి షార్జాలో నర్సు. అర్జీ రాయడం మాత్రం ఊరి బళ్లో నేర్చుకున్నదే: 'తమరి దివ్యసముఖమునకు' అంటూ మొదలై, 'ప్రార్థన' అంటూ ముగిసేది.

కోవిడ్ తర్వాత ఆమె పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో, మంచాన పడ్డ రోగుల్ని ఎత్తడానికి ఇద్దరుండే చోట ఒక్కరినే ఉంచారు. షార్జాలోనే రోలా అనే పేటలో ఆమెతో ఒకే గదిలో ఉండే రేచెల్ ఒక్కతే ఎత్తబోయి నడుం పడిపోయింది. ఆఫీసు వాళ్లు ఆమెదే అజాగ్రత్తని తేల్చి, రాజీనామా చెయ్యమన్నారు.

దయారాణి తనకొచ్చిన వరసలోనే ఇంగ్లీషులో రాసింది: అయ్యా, రేచెల్‌ మీద దయ ఉంచండి, వార్డుకి ఇంకో మనిషిని ఇప్పించండి. 'మీ సలహాకు ధన్యవాదాలు' అని జవాబొచ్చింది.

"సలహా ఏంటక్కా? ఊరుకో, ప్రార్థన చేసుకుందాం," అంది రేచెల్.

"ప్రార్థనా చేద్దాం, మళ్లీ రాద్దాం. తప్పు చేసింది వాళ్లయితే బతిమాలింది నేనే!"

ఈసారి పైన 'గ్రీవెన్స్' అని పెట్టింది. కలెక్టరాఫీసు ముందు సోమవారాలు నిలబడ్డ మనకి ఆ మాట తెలుసు, ఫిర్యాదనుకుంటాం. దాని వేరు లాటిన్‌లో 'గ్రావిస్', అంటే బరువైనది. పాత ఫ్రెంచిలో బరువు మోపి బాధించడమైంది, ఇంగ్లీషుకొచ్చాక ఆ అన్యాయం మీద ఫిర్యాదైంది. గ్రీవెన్స్ పెట్టేవాళ్లు అడుక్కోవడం లేదు. తమ మీద ఎవరేం మోపారో చెబుతున్నారు. ఆఫీసులకి గిట్టనిది అదే.

హెచ్చార్ ఆశిష్ పిలిపించాడు. "ఇత్‌నా బడా వర్డ్ క్యోం, సిస్టర్? రిక్వెస్ట్ లిఖో, ఖలాస్."

"నహీ సార్."

"వీసా యాద్ హై?"

"రేచెల్‌ కీ కమర్ యాద్ హై," అని తన నడుం తట్టి చూపింది దయారాణి.

మర్నాడు పొద్దున కుబ్రా బేగాన్ని మంచం మీద పైకి జరపాలి. హైదరాబాదు పెద్దావిడ, భారీ మనిషి. దయారాణి సాయానికి పిలిచే గంట నొక్కి చేతులు కట్టుకుంది.

"ఔర్ బజావ్ బేటీ! మేరేకు జల్దీ నై," అంది బేగం, తనకేం తొందర లేదన్నట్టు.

పక్క గదిలో నర్సూ గంట నొక్కింది. ఆ పక్క గదిలో నర్సూ. ఆశిష్ పరుగెత్తుకొచ్చాడు.

"యే క్యా, స్ట్రైక్?"

"కామ్ హై సార్. చాదర్ ఉధర్‌ సే పకడో."

దుప్పటి అటు కొస పట్టుకున్నాడు. లాగేసరికి మొహం కందిపోయింది.

"నాష్తా నై కరే క్యా, సాబ్?" అని, టిఫినెగ్గొట్టిన పిల్లాణ్ణి అడిగినట్టు నవ్వింది బేగం.

దయారాణి దిండు సర్దింది. "అబ్ బోలో సార్, రేచెల్‌ కీ గల్తీ?"

ఆ తర్వాత రేచెల్‌ని రాజీనామా చెయ్యమని ఎవరూ అడగలేదు. గ్రీవెన్స్‌ని మాత్రం దయారాణి వెనక్కి తీసుకోలేదు. వార్డులో రెండో మనిషిని వేసేదాకా గంట నొక్కుతూనే ఉంది.