స్కిట్‌ మధ్యలో మంచినీళ్ళు

ఈ రోజు అల్లవరంలో మా అత్తయ్యగారి అమ్మాయి రిసెప్షన్‌లో హాస్య రసం ఉన్నట్టుండి కరుణ రసంలోకి తిరిగింది. బాధ్యులు మా పెద్దనాన్న.

టీవీ స్కిట్లలో ఎవరైనా జారిపడితే, తానూ సోఫాలోంచి జారిపోయేంతగా నవ్వే మనిషాయన. అందుకే రిసెప్షన్‌కి పిలిపించిన కామెడీ స్కిట్‌ వాళ్ళు స్టేజీ ఎక్కగానే ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టాను. స్టేజీ మీద లావుపాటి నటుడు బక్కపలచటి నటుణ్ణి తపేలాతో ఒక్కటిచ్చాడు. బక్కాయన పల్టీ కొట్టి పడ్డాడు. జనమంతా పగలబడి నవ్వుతుంటే, పెద్దనాన్న మంచినీళ్ళ గ్లాసుతో స్టేజీ ఎక్కేశారు.

"దెబ్బ గట్టిగా తగిలిందేటండీ?"

"లేదండీ బాబూ, ఇది స్కిట్టండీ!" అన్నాడు బక్కాయన, లేవకుండానే.

"ఆయ్, స్కిట్టేనండీ. అయితే మాత్రం తపేలాతో కొడతారేటండీ?" అంటూ పెద్దనాన్న లావాయన వైపు తిరిగారు. ఆయన తపేలా వెనక్కి దాచుకున్నాడు.

నేను పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "టీవీలో అయితే నవ్వుతారు కదా పెద్దనాన్నా?"

"టీవీలో వాళ్ళు మనింటికొచ్చేరేట్రా? వీళ్ళు మనం పిలిస్తే వచ్చేరు."

ఎలాగోలా ఆయన్ని కిందికి దింపుకొచ్చాను.

భోజనాల దగ్గర పెద్దనాన్న స్వయంగా వడ్డించారు. బక్కాయన విస్తరిలో పూతరేకులు గుట్టపడ్డాయి. లావాయనకు ఒక్కటే దక్కింది. సాయంత్రం టిఫిన్లకు ముందు రెండో స్కిట్‌ ఉంది. లావాయన తపేలాను బక్కాయన చేతిలో పెట్టి, "ఈసారి నన్ను కొట్టరా బాబూ" అని బతిమాలుకోవడం నేను కళ్ళారా చూశాను.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి న్యాయమూర్తులుంటే కామెంట్లలో చెప్పండి. వాళ్ళని మాత్రం వెనక వరసలో కూర్చోబెట్టండి.