కదలకుండా ముప్పావు గంట

వరంగల్‌లో ఎమ్మారై తీసే పని నాది. ఓపిక తక్కువని దవాఖానలో అందరికీ తెలుసు. లోపల పడుకున్నవాళ్లు తల కదిలిస్తే బొమ్మ చెడిపోతుంది, నా నోరు లేస్తుంది.

ఆ రోజు నెక్కొండ దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. జబ్బు ఆమెకు కాదు. ఆమె అక్కకు మతిమరుపు ముదిరి, సొంత చెల్లెల్నే గుర్తుపట్టడం లేదు. మెదడు తనను తాను కడుక్కున్న నీళ్లలో కొంత, పుర్రె కింది పొరలో ఉండే సన్నటి లింఫ్ నాళాల గుండా బయటికి పోతుంది. అక్క తలలో ఆ దారి ఎలా ఉందో చూడాలని మా డాక్టర్ ఆలోచన. పోల్చుకోవడానికి ముందు ఆరోగ్యంగా ఉన్న చెల్లెలి బొమ్మ కావాలి. దీనివల్ల అక్కకు నయం కాదని ఆయన దాచకుండా చెప్పాడు. అయినా ఆమె ఒప్పుకుంది.

ఆ నాళాలు బొమ్మలో తెల్లగా కనబడేలా నరానికి మందు ఎక్కించి మొదలుపెట్టాను. ఆ మందు పని తగ్గేలోపే బొమ్మ రావాలి. మొదటిది చెదిరింది. రెండోదీ అంతే. మైకులో కసిరేశాను.

"నాకే శాతగాకపోతె మా అక్కనెట్ల పండవెడ్త బిడ్డా?" అంది.

నాకు సిగ్గేసింది. మూడోది మొదలుపెట్టి, లోపలి కెమెరాలో ఆమెనే చూస్తూ, "మంచిగున్నవా అమ్మా?" అని అడిగాను. బుద్ధిగా తల ఊపింది.

అప్పుడు తెలిసింది. భయపడుతుందేమోనని బొమ్మ తీస్తున్న ప్రతిసారీ మైకులో ఈ ముక్క అడుగుతున్నది నేనే. పలకరిస్తే తల ఊపకుండా ఉండటం మావైపు మనుషుల వల్ల అవుతుందా? కదిలించింది నేను, తిట్లు తిన్నది ఆమె. తప్పు నాదేనని చెప్పి, ఇక నోరు మూసుకున్నాను.

ఈసారి బొమ్మ నిలిచింది. నడినెత్తి కింద పెద్ద సిర నల్లగా, దాని పక్కనే ఆవగింజలంత తెల్లటి చుక్కలు రెండు, ఆ లింఫ్ నాళాలే. ఇన్నేళ్లుగా ఎన్నో తలలు చూశాను, వీటిని మాత్రం ఎన్నడూ చూడలేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

బయటికొచ్చాక ఆమెకూ చూపించాను. అక్కకు కూడా ఇవి ఉంటాయా అని అడిగింది. అందరికీ ఉంటాయి, ఎలా ఉన్నాయో చూద్దాం అన్నాను. వచ్చే వారానికి అక్క పేరు రాసుకున్నాను. కానీ ముప్పావు గంట అక్క కదలకుండా పడుకుంటుందా అని నా అనుమానం.

"నన్ను లోపల పక్కకు నిలవడనియ్యి బిడ్డా," అంది. "నేనెవర్నో అక్కకు ఎరుకలేదు గని, నా చెయ్యి దొరికితె ఇడ్శిపెట్టది."