చదువుకున్న కాలు

నా చిన్నప్పుడు మా పాలెంలో వల దాటడం కంటే పెద్ద నేరం లేదు. మైపాడు నుంచి ఇసుకలో కొంత దూరం నడిస్తే వచ్చే చేపల పల్లె మాది. వేట నుంచి వచ్చిన వలలను తీరం పొడుగునా ఆరేసేవాళ్ళు. ఎంత పొడవు వలైనా చుట్టూ తిరిగి పోవాలే గాని మీదుగా అడుగు వేయకూడదు. మగవాడు దాటితే కీడు. ఆడది దాటితే గంగమ్మ కన్నెర్ర చేస్తుందనీ, ఆ ఊరి వలల్లో ఇక చేప పడదనీ అనేవాళ్ళు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు చాలా రోజులు వరసగా వలలు ఖాళీగా వచ్చాయి. ఆకలి పెరిగేకొద్దీ ఊరికి ఒక కారణం కావలసి వచ్చింది. గాలిని పంచాయితీకి పిలవలేరు, సముద్రాన్ని వెలివేయలేరు. మా పక్కింటి అక్క దొరికింది. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయాక చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి బతుకుతున్న మనిషి ఆమె. ఎవరి ముందూ తల దించేది కాదు, బహుశా అదే అసలు నేరం. ఆమె వల దాటిందని ఎవరో అన్నారు. కాపు, అంటే మా పాలేనికి పెద్ద, ఊరందరినీ కూర్చోబెట్టి సాక్షి కావాలన్నాడు. రోజూ ఆమె కొంగు పట్టుకుని తిరిగేది నేనే కాబట్టి నన్ను నడుమ నిలబెట్టారు.

"చూసినావా పాపా?" అన్నాడు కాపు.

అక్క వలల పక్కన నిలబడి ఉండటం చూశాను. దాటడం చూడలేదు. కాని అంతమంది పెద్దవాళ్ళు నా నోటి వంక చూడటం నాకు అదే మొదటిసారి. "చూసినా" అన్నాను. నేనేదో తమాషాకు అంటున్నాననుకుని అక్క నన్ను చూసి నవ్వింది.

ఆ పూటే ఆమె మీద దురాయి వేశారు. దురాయి అంటే కాపు పెట్టే కట్టడి. ఇక ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు, పొయ్యికి నిప్పు ఇవ్వకూడదు, చేప ఇవ్వకూడదు. గంప మీద బతికే మనిషికి చేప ఇవ్వకపోతే ఇంకేం మిగులుతుంది?

ఆ వారమే మా చిన్నాయన సెలవులకు ఇంటికి వచ్చాడు. మా పాలెం నుంచి యూనివర్సిటీకి పోయిన మొదటి మనిషి. అక్కడే తత్వశాస్త్రం పాఠాలు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరాడు. "దాన్ని ఏసి లాగితే ఏం చేప పడతాదిరా?" అని మా నాయన ఎగతాళి చేసేవాడు. చిన్నాయన సంగతంతా విని నన్ను తిట్టలేదు. ఒడ్డున ఉన్న తెప్ప మీద కూర్చోబెట్టి, అక్క ఏ కాలు ముందు వేసిందని అడిగాడు. కుడికాలు అన్నాను. ఆమె వెనక చెవి తెగిన నల్లకుక్క ఒకటి వచ్చింది గదా అన్నాడు. వచ్చిందన్నాను. అది కూడా వల దాటబోతే అక్క అదిలించిందని నా అంతట నేనే చెప్పాను.

"ఆ కుక్కను నేను ఇప్పుడే పుట్టించినాను పాపా. నేను అడిగినాకే అది నీకు కనపడింది. ఇప్పుడు చెప్పు, చూసినావా, విన్నావా?"

నాకు ఏడుపు వచ్చింది. మరునాడు పొద్దున్నే నన్ను కాపు దగ్గరికి తీసుకుపోయాడు. చూడలేదని ఒప్పుకున్నాను. కాపు నవ్వి, "మీ చిన్నాయన బాగానే చెప్పిచ్చినాడే" అన్నాడు. అబద్ధం చెప్పినప్పుడు నేను సాక్షిని. నిజం చెప్పేసరికి చిన్నపిల్లనైపోయాను.

చిన్నాయనకు పంతం వచ్చింది. ఊరందరూ చూస్తుండగా తానే వలలన్నీ దాటుతానన్నాడు. మూడు రోజుల్లో చేప పడకపోతే దురాయి తన మీద వేయాలి, పడితే అక్క మీద తీసేయాలి. ఎటూ ఖాళీగా వచ్చే వలలే గదా అని కాపు సరేనన్నాడు. మూడు రోజులు ఆయన పొద్దున్నే లుంగీ ఎగగట్టి వలలు దాటాడు. మూడో రోజు గాలి తిరిగింది. తెప్పలు మునిగేటన్ని కానాగంత చేపలు పడ్డాయి. చిన్నాయన కాపు ఇంటికి పరుగెత్తాడు, వెనకే నేను.

"మాట ప్రకారం దురాయి తీసెయ్ మామా."

"నీ కాలూ దాని కాలూ ఒకటేనా అబ్బయ్యా? నీది చదువుకున్న కాలు!"

మరుసటి పొద్దున తలుపు తీసేసరికి మా గుమ్మం ముందు వలలు పరిచి ఉన్నాయి. "ఒక్క అడుగు ఏసిపో సామీ" అని బతిమాలుతున్నారు. అందరికంటే ముందు మా నాయనే ఉన్నాడు. చిన్నాయన ముఖం నల్లబడిపోయింది. ముందు గుమ్మంలోంచి బయటికి రావాలంటే వాటిని దాటక తప్పదు. పెరటి వైపు పోయి కంచె దూకి వెళ్ళిపోయాడు.

నేను అక్క దగ్గరికి పోయి చేసిన తప్పు చెప్పాను. ఆమె గంపలో బట్టలు సర్దుకుంటోంది. "పోనీలే పాపా. ఆ కాలు నాకొకటి అరువియ్యమను మీ చిన్నాయన్ని" అని నెల్లూరు బస్సు ఎక్కింది. తర్వాత ముత్తుకూరులో ఉందన్నారు. అదీ విన్నవాళ్ళే తప్ప చూసినవాళ్ళు లేరు.

చిన్నాయన ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాడు. ప్రతి ఏడూ కొత్త పిల్లలకు మొదటి రోజు ఈ కథే చెప్పేవాడని, తన తప్పుగానే చెప్పేవాడని ఆయన శిష్యులు నాతో అన్నారు. "నా కాలు పెట్టడమే పొరపాటు. ఆమె కాలు పెట్టించాల్సింది. కాని నేను గెలవాలనుకున్నాను" అనేవాడట. ఆయన రాసిన పుస్తకాలన్నిటికంటే ఆ ఒప్పుకోలే నాకు గొప్పగా తోస్తుంది.

ఆయన పోయాక మా ఒడ్డున నిలువెత్తు విగ్రహం పెట్టారు. పెట్టింది పాలెం వాళ్ళొక్కరే కాదు, ఆయన దగ్గర తర్కం నేర్చుకుని పెద్ద పదవుల్లో కూర్చున్న శిష్యులు కూడా. కొబ్బరికాయలు కొట్టింది వాళ్ళే. వేట మొదలయ్యే రోజు వలలను తెచ్చి ఆ కుడి పాదానికి తాకిస్తారు. పాదం నిండా పసుపూ కుంకుమా. ఆడవాళ్ళు మాత్రం అరుగు ఎక్కకూడదు. పోయిన వేట కాలానికి నన్ను మాట్లాడమని పిలిచారు. అరుగు కింద నిలబడి, నా అబద్ధంతో మొదలుపెట్టి అంతా చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన దగ్గరికి వచ్చి, "ఆ కాలు మహిమ నీ నోటితో వినాల్సిందేనమ్మా" అని దండం పెట్టాడు. ఆ దండం చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఇన్నేళ్ళుగా వ్యాసాలు రాస్తున్నాను. 'చూశాను' అని రాయవలసి వచ్చిన ప్రతిసారీ కలం ఆగుతుంది. కళ్ళు మూసుకుంటే చెవి తెగిన ఆ నల్లకుక్క ఈనాటికీ స్పష్టంగా కనిపిస్తుంది, వల అంచున నిలబడి తోక ఆడిస్తూ. పక్కన అక్క ఉంటుంది. ఆమె ముఖమే ఎంత వెతికినా గుర్తుకు రాదు.